అత్తయ్య తోసిన అంబాసిడర్

మొన్న పామర్రులో ఒక పెళ్ళికి వెళ్ళాను. సుష్టుగా భోంచేసి, తాంబూలం సంచీ పట్టుకుని బయటికి వచ్చి, మా కారు దగ్గరికి వెళ్ళి దర్జాగా తలుపు లాగాను. లోపల ఎవరో పెద్దమనిషి సీటు వెనక్కి వాల్చుకుని గుర్రుపెడుతున్నాడు. ఉలిక్కిపడి లేచి, "ఎవరండీ మీరు?" అన్నాడు. "ఇది మా కారండీ," అన్నాను నేను, ఆయనకంటే గట్టిగా. పాపం నిద్రమత్తులో ఆయనకీ అనుమానం వచ్చినట్టుంది, ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. తీరా చూస్తే మా కారు అవతలి వరసలో ఉంది. అదీ తెలుపే, ఇదీ తెలుపే. దానికీ ఆ వాలు కళ్ళే, దీనికీ ఆ వాలు కళ్ళే. క్షమించమని చెప్పి, మా కారులో కూర్చుని, తలుపు వేసుకుని, ఒక్కదాన్నే పడీ పడీ నవ్వుకున్నాను. నవ్వు అయ్యాక కోపం వచ్చింది. ఆయన మీద కాదు, కార్ల మీద.

మీరే చెప్పండి, ఇప్పటి కార్లన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉండవూ? పైగా వాటి ముందు దీపాలు చూడండి, ఎప్పుడూ ఎవరితోనో పోట్లాడి వస్తున్నట్టు కనుబొమలు ముడిచే ఉంటాయి. మా రోజుల్లో కారుకి గుండ్రటి కళ్ళుండేవి. బుగ్గలుండేవి. కాస్త పొట్ట ఉండేది. అంబాసిడర్ ఎదురొస్తుంటే ఊరి మోతుబరి తీరిగ్గా నడిచొస్తున్నట్టే ఉండేది. ఫలానా డాక్టరుగారి కారు, ఫలానా మిల్లు యజమాని కారు అని మలుపు తిరక్కముందే చప్పుడును బట్టి చెప్పేవాళ్ళం. ఇప్పటి కారు చల్లగా ఉంటుంది, మెత్తగా వెళ్తుంది, బెల్టు పెట్టుకోకపోతే కసురుతుంది, గుద్దుకుంటే ప్రాణం కాపాడుతుంది. కాదనను, తిన్నింటి వాసాలు లెక్కపెట్టను. కానీ దాని మీద ఎవరైనా ఒక్క కథ చెప్పగలరా? మా మావయ్య అంబాసిడర్ మీద చెప్పమనండి, నేను తెల్లారేదాకా చెప్తాను. ఇవాళ్టికి ఒక్కటే చెప్తాను.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. గుడివాడలో ఎరువుల కొట్టు ఉండేది. ఆ కారు నాకంటే పెద్దది. ఎవరో డాక్టరుగారు వాడుకుని వదిలేస్తే మావయ్య పెళ్ళికాకముందే కొన్నాడట. అందుకని "మీ మావయ్యకి ముందు కట్టుకున్నది అది, తర్వాతే నేను," అని అత్తయ్య దెప్పేది. పాలమీగడ రంగు. ముందు సీటు సోఫాలా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి మధ్యలో ఇంకో మనిషి కూర్చోవచ్చు, ఆ మనిషి ఒళ్ళో ఇంకో పిల్ల కూర్చోవచ్చు. ఎంతమంది ఎక్కితే అంతమందికీ చోటుండేది. తలుపుకి ముందు మూల ముక్కోణపు చిన్న అద్దం ఒకటి ఉండేది. దాన్ని కాస్త తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది. ఆ గాలిలో కోతకొచ్చిన వరి వాసన, కాలవ వాసన, గుడ్లవల్లేరు దాటాక ఎవరింట్లోనో వేగుతున్న తాలింపు వాసన, అన్నీ వచ్చేవి. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని మా నాన్న అంటే, "దానికి స్టీరింగు తిప్పే బలం ఉందో లేదో కారే చెప్తుందిలెండి బావగారూ," అన్నాడు మావయ్య. ఆ స్టీరింగు తిప్పితే చాలు, చేతుల్లో బలం రావడానికి పచ్చడి బండ వేరే తిప్పక్కర్లేదు.

కారుకి ఉన్న జబ్బల్లా ఒక్కటే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బంగారంలా స్టార్టయ్యేది. కాస్త దూరం వెళ్ళి, వేడెక్కాక ఆపితే మాత్రం మళ్ళీ అంత తేలిగ్గా లేచేది కాదు. ఎందరు మెకానిక్కులు చూశారో లెక్కలేదు. "వయసు మీదపడ్డాక కూర్చున్నవాడు లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందివ్వాలి కదా," అని మావయ్య సర్దిచెప్పేవాడు. ఆ చెయ్యి అందించేవాళ్ళం మేమే. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో తోపుడు చోటుండేది. భోజనాల దగ్గర పీటల్లాగా అవి ఎవరివి వాళ్ళకే. నాది ఎడమవైపు వెనక దీపం. మావయ్య కొడుకు, అంటే నాకు బావ, వాడిది కుడివైపు దీపం. అత్తయ్యది డిక్కీ మధ్యన. అందరం చేతులతో తోసేవాళ్ళం, అత్తయ్య మాత్రం వెనక్కి తిరిగి, వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి తోసేది. చీర నలక్కుండా అని పైకి చెప్పేది గానీ అసలు సంగతి నాకు తెలుసు. అలా తిరిగితే మొహానికి కొంగు అడ్డుపెట్టుకోవచ్చు. గుడివాడ బజారులో ఎరువుల కొట్టాయన భార్య కారు తోస్తోందని నలుగురూ చూడటం ఆవిడకి తలకొట్టేసినట్టుండేది. తోయడం ఒక ఎత్తు, ఇంజను అందుకున్నాక మావయ్య ఆపకుండా పోనిస్తుంటే పరిగెత్తి ఎక్కడం ఇంకో ఎత్తు. ఆ పట్టు మా అందరికీ వచ్చు.

కొత్త శతాబ్దం వచ్చిన కొత్తలో బావకి కోడూరు సంబంధం కుదిరింది. బావ నాకు వరసైనవాడే. ఇంట్లో ఒకటి రెండుసార్లు ఆ మాట వచ్చింది కూడా. నా చూపెప్పుడూ కారు మీదే ఉండేది, బావ చూపెప్పుడూ తిండి మీద ఉండేది, కాబట్టి ఇద్దరం బతికిపోయాం. ఫాల్గుణంలో పగటి ముహూర్తం. పెళ్ళి అమ్మాయి వాళ్ళ ఊళ్ళోనే. పెళ్ళికొడుకుని ఇందులోనే తీసుకెళ్దామంటూ, పెళ్ళికి చాలా ముందే అత్తయ్య తమ్ముడు, నాకు బాబాయి వరస, బెజవాడ నుంచి కొత్త కారు వేసుకొచ్చాడు. వెండి రంగు, నేలకి జానెడెత్తు, లోపల ఏసీ. తలుపు వేస్తే చప్పుడే రాలేదు. అత్తయ్య దాని చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి చూసి, మా అందరి ముందూ మావయ్యతో అనేసింది.

"ఏవండీ, నా కొడుకు పెళ్ళి రోజు కూడా నేను రోడ్డు మీద బండి తోయాలా? నావల్ల కాదు. టాక్సీ ఆయన ఎవరో అడుగుతున్నాడన్నారుగా, ఇచ్చెయ్యండి."

మావయ్య వెళ్ళి అంబాసిడర్ బానెట్ మీద చెయ్యి వేశాడు. "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. అట్టాంటి బండే ఇది," అన్నాడు.

"ఏనుగే అయితే తనంతట తనే నడిచేది కదండీ!"

మేమంతా నవ్వాం. మావయ్య నవ్వలేదు. ఆ రాత్రి అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున అత్తయ్యే మెత్తబడి ఒక బేరం పెట్టింది. ఆడవాళ్ళని ఎక్కించుకుని గుడివాడ నుంచి కోడూరు దాకా ఒక్కసారి కూడా తోయించకుండా తీసుకెళ్తే కారు ఇంట్లోనే ఉంటుంది. తోయాల్సి వచ్చిందంటే, పెళ్ళయిన మర్నాడే తాళాలు టాక్సీ ఆయన చేతికి. మావయ్య సరేనన్నాడు. అంతకన్నా ఏమంటాడు?

ఇక మొదలైంది హడావిడి. మావయ్య బ్యాటరీ మార్పించాడు, ప్లగ్గులు తీయించి తుడిపించాడు, గొట్టాలన్నీ కొత్తవి వేయించాడు. ఏళ్ళ తరబడి వానకీ తేమకీ తలుపు పిడులూ, చక్రాల మీది కప్పులూ, బానెట్ మీది గుర్తూ తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని ఊడదీయించి, చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేసే స్నేహితుడికి పంపి, "మెరిసేట్టు పూత వేసి పెట్టరా, పెళ్ళి బండి," అని కబురుచేశాడు. పెళ్ళికి రెండు రోజుల ముందు గోనెసంచిలో చుట్టి వచ్చాయి. విప్పి చూస్తే అన్నీ పచ్చగా ధగధగలాడుతున్నాయి. గాజులకీ గొలుసులకీ వేసే బంగారం పూత చక్రాల కప్పులకి వేసి పంపాడు ఆ మహానుభావుడు! మావయ్య ఫోన్ చేసి తిడితే, "పెళ్ళి అన్నావుగదరా. పెళ్ళికి బంగారం పెట్టుకుంటారా, వెండి పెట్టుకుంటారా?" అన్నాడట. మార్చడానికి టైము లేదు. అవే బిగించారు. పాలమీగడ రంగు ఒంటికి పచ్చటి నగలు, దిష్టి తగలకుండా ముందు నిమ్మకాయలు. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "మొత్తానికి సవతికి నగలు చేయించారన్నమాట," అంది. నాకు మాత్రం అంత అందమైన కారు భూమ్మీద ఇంకోటి లేదనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

పెళ్ళిరోజు తెల్లవారగానే బయల్దేరాం. ముందు వెండి రంగు కారులో బావ, బాబాయి, ఇద్దరు స్నేహితులు. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. బావ కల్యాణ తిలకం పెట్టుకుని, బుగ్గన చుక్కతో, పట్టుపంచెలో అద్దాల బీరువాలో బొమ్మలా కూర్చున్నాడు. వెనక మా కారు. మావయ్య స్టీరింగు దగ్గర, పక్కన అత్తయ్య, కిటికీ వైపు నేను. వెనక సీటు నిండా ఆడవాళ్ళూ, పిల్లలూ, మల్లెపూలూ. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. మావయ్య నా వైపు చూసి కన్ను కొట్టాడు. పామర్రు దాటాం, కూచిపూడి దాటాం. రోడ్డు పక్కన జనం బంగారపు కప్పులు చూసి, "ఏ ఊరండీ పెళ్ళి?" అని కేకేస్తే, మేం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కేకలతోనే జవాబిచ్చాం. చల్లపల్లిలో పిల్లలు టీ నీళ్ళయినా తాగుతారని అత్తయ్య అంటే, మావయ్య బండి పక్కకి తీశాడు గానీ ఇంజను ఆపలేదు. టీ గ్లాసులు కిటికీల్లోంచి లోపలికొచ్చి, ఖాళీవి కిటికీల్లోంచే బయటికి వెళ్ళాయి. మోపిదేవిలో దేవుడికి దణ్ణం కూడా కదిలే బండిలోంచే. "స్వామికి తెలుసులే మన కష్టం," అన్నాడు మావయ్య. అవనిగడ్డ కూడా దాటాం. ఇంకెంతో దూరం లేదు. కారు ఇంట్లోనే ఉంటుంది, ఉండిపోతుంది అని లోపల్లోపల గంతులు వేస్తున్నాను.

కోడూరు రోడ్డు ఎక్కగానే మినుములు కనిపించాయి. మా వైపు వరి కోశాక మినుము వేస్తారు. పంట చేతికొచ్చే రోజుల్లో మొక్కలు పీకి తారురోడ్డు మీదే పరిచేస్తారు. బస్సులూ లారీలూ వాటి మీదుగా వెళ్తే కాయలు పగిలి గింజలు రాలతాయి. నూర్చే పని ప్రభుత్వం వారి బస్సే చేసిపెడుతుందన్నమాట. అంబాసిడర్ లాంటి ఎత్తు బళ్ళకి అదొక సరదా. చక్రాల కింద కాయలు పటపటా పేలుతుంటే టపాకాయల మీద వెళ్తున్నట్టు ఉంటుంది. కానీ ఆ రోజు ఎవరో ఆశపోతు మోకాలెత్తున పరిచాడు. బెజవాడ బాబాయికి ఈ సంగతులేం తెలుసు? వెండి రంగు కారు మెత్తగా ఆ మినప తీగల మీదికి వెళ్ళింది, ఇంకా మెత్తగా ఆగిపోయింది. జానెడెత్తు కడుపు కింద తీగలు దట్టంగా ఇరుక్కుని, చక్రాలకి తాడు పేనినట్టు చుట్టుకున్నాయి. సన్నగా పొగ కూడా మొదలైంది. అందులోవాళ్ళంతా గబగబా దిగారు. పొలంలోంచి ఒక ముసలమ్మ కొడవలి పట్టుకుని పరుగున వచ్చింది.

"బాబ్బాబూ, కారుకేమైనా పర్లేదు, నా మినుములు తగలెట్టమాకండి!"

నీళ్ళు చల్లి పొగ ఆర్పారు గానీ ఆ తీగలు కోసి కారు బయటికి లాగాలంటే చాలాసేపు పట్టేట్టుంది. ముహూర్తం దగ్గరపడుతోంది. పెళ్ళికొడుకుని మా కారులోకి మార్చేద్దామని అందరూ అన్నారు. మావయ్య అంతకుముందే దిగి, పట్టు లాల్చీతోనే నేల మీద పడుకుని ఆ కొత్త కారు కిందికి తొంగిచూస్తున్నాడు. ఏ కారుకి దెబ్బ తగిలినా ఆయన ప్రాణం ఊరుకోదు. మా ఇంజను మాత్రం బుడుబుడుమంటూ ఆడుతూనే ఉంది. వెనక సీట్లో ఆడవాళ్ళు సర్దుకుని పెళ్ళికొడుక్కి చోటు చేస్తున్నారు. అప్పుడు జరిగింది అది. అత్తయ్య కొడుకు వైపే చూస్తూ, "తొందరగా ఎక్కరా," అంటూ, చెయ్యి చాపి, తాళం తిప్పి ఇంజను కట్టేసింది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటది. మావయ్య ఎక్కడ బండి దిగినా కబుర్లలో పడి మర్చిపోతాడని, పెట్రోలు దండగని, ఆవిడ చెయ్యే తాళం తిప్పేసేది. ఆ చేతికి పందెం సంగతి ఏం తెలుసు? ఇంజను ఆగిపోగానే చుట్టూ అంతా బోసిపోయినట్టయింది. అత్తయ్య తన చేతి వంక చూసుకుంది. మావయ్య దుమ్ము దులుపుకుంటూ వచ్చి కూర్చుని, తాళం వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. తాళం తిప్పాడు. కుర్రు కుర్రుమంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సిగ్గెందుకు, ఏడ్చేశాను.

బావ పంచె ఎగ్గట్టి దిగబోయాడు. "పెళ్ళికొడుకు బండి తోస్తాడా, కూర్చో!" అని అత్తయ్య గదమాయించింది. గదమాయించి, తనే దిగింది. చెంగు నడుముకి బిగించి డిక్కీ దగ్గరికి నడిచింది. నేను నా దీపం దగ్గరికి పరిగెత్తాను. బావ చోటులో బెజవాడ బాబాయి నిలబడ్డాడు. అటూ ఇటూ వెనక సీట్లోంచి దిగిన ఆడవాళ్ళూ, ముసలమ్మా, రైతులూ చేరారు. అత్తయ్య ఎప్పటిలా వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. రెండు చేతులూ డిక్కీకి ఆనించి, మొహం ఎదురుగా పెట్టి, "ఊఁ, తొయ్యండి!" అని కేకేసింది. రోడ్డంతా చూస్తోంది. చూడనీ! తోశాం. చక్రాల కింద కాయలు పటపటా పేలుతున్నాయి. వెనక సీట్లో పిల్లల మధ్య బావ రథం మీద స్వామిలా ఊగుతున్నాడు. తోశాం, తోశాం. తీగల కుప్ప అంచు దాటుతుండగా మావయ్య క్లచ్ వదిలాడు. కారు ఒక్కసారి తుమ్మినట్టు ఎగిరి, గర్రుమని అందుకుంది! ముసలమ్మ ఈల వేసింది. నిజంగా, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేసింది. పెళ్ళికొడుకు తల్లి కంచిపట్టు చీర పిక్కల పైకి పట్టుకుని పరిగెత్తి, కదిలే కారులోకి ఎగిరి కూర్చుంది. ఆవిడ వెనకే నేను, నా వెనకే మిగతా ఆడవాళ్ళూ.

కాస్త దూరం వెళ్ళాం. అందరికీ ఆయాసంగా ఉంది. కోడూరు పందిళ్ళ మైకు వినపడుతుండగా మావయ్య నెమ్మదిగా, "రేపు టాక్సీ ఆయన్ని రమ్మంటాలే," అన్నాడు.

"ఎందుకు రావడం?"

"తోశాం కదా."

"ఆగిందని తోశామా? ఆపింది నేను. ఆగిన బండిని తోస్తే ఓడినట్టు. ఆపిన బండిని తోస్తే ఎట్టా ఓడినట్టు అవుద్ది? నా కొడుకుని ముహూర్తానికి చేర్చిన బండి అమ్ముకుంటారా ఎవరైనా?" అంది అత్తయ్య, ముందుకే చూస్తూ. తర్వాత గొంతు తగ్గించి, "పోనివ్వండి ముందు," అంది.

మావయ్య పోనిచ్చాడు. ఆయన చెంపల మీద జారుతున్నది చెమటేనని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. ముహూర్తానికి చేరాం. పందిట్లో సగంమంది పెళ్ళికొడుకుని వదిలేసి బంగారపు కప్పులు చూడటానికి బయటికొచ్చారు. బెజవాడ బాబాయి కారు సాయంత్రానికి వచ్చింది, కడుపు కింద ఇంకా కాస్త మినప చెత్త వేలాడుతూనే ఉంది. ఎవరో దాన్ని చూసి, ఇంత ఖరీదు పెట్టి కొని కిందెందుకు గడ్డి మేపారని అడిగారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ కారు ఇంట్లోనే ఉంది. ఇదివరకటిలాగే ఆగింది, ఇదివరకటిలాగే తోశాం. అత్తయ్య మాత్రం ఇంకెప్పుడూ వీపు పెట్టి తోయలేదు. మేం పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలొచ్చి, ఒక్కొక్కరమే మా చోట్లు ఖాళీ చేశాం. చివరికి డిక్కీ దగ్గర అత్తయ్య ఒక్కతే మిగిలింది. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పిన వారంలోనే మావయ్య కారు ఇచ్చేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పందెం కట్టలేదు. అత్తయ్య వద్దని పోరింది, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను ఫోన్ చేసి, "ఎందుకు మావయ్యా?" అని అడిగాను. "సెల్ఫ్ స్టార్టరు బాగు చేయించొచ్చమ్మాయ్, మోకాళ్ళు ఎట్టా బాగు చేయిస్తాం? నేను ఉంచుకుంటే ఆవిడ తోయకుండా ఊరుకోదు," అన్నాడు. కాలం ఇంత వేగంగా ఎలా వెళ్ళిపోయిందని అందరం ఆశ్చర్యపోతాం గానీ, కేరింతలు కొడుతూ దాన్ని వెనకనుంచి తోసినవాళ్ళం మనమే కదా.